పోలమ్మ కల్వంలో నూరిన బిళ్లలు

1962 కార్తీకంలో, మైపాడు పక్కన ఒక పల్లెపాళెంలో, నేను పూత పూసి పంపిన బిళ్లలను పోలమ్మ నా కళ్లముందే కల్వంలో వేసి నూరింది. ఆ పొడిని తేనెలో రంగరించి భర్త నోట్లో పెట్టింది. పావుగంటలో వెంకటేశు అంతా కక్కేశాడు.

నేనప్పుడు నెల్లూరులో ఒక చిన్న మందుల తయారీశాలలో పనిచేసేవాణ్ని. క్షయకు వాడే పాస్ బిళ్లలు రోజూ గుప్పెడు మింగాలి. అవి కడుపులో కరిగితే వాంతులవుతాయి. అందుకని తిరిగే రాగి పాన్‌లో వాటిని దొర్లిస్తూ లక్క ద్రావణం పొరమీద పొర పూసేవాళ్లం. దాన్ని ఎంటెరిక్ కోటింగ్ అంటారు. కడుపులోని ఆమ్లానికి కరగదు, పేగుల్లోకి వెళ్లాకే కరుగుతుంది. ఆ పూత కుదరడానికి నాకు ఏడాది పట్టింది. అయినా ఈ తీరం నుంచి వాంతుల ఫిర్యాదులు ఆగకపోవడంతో, కారణం చూసి రమ్మని యజమాని నన్ను పంపాడు.

“నూరకూడదమ్మా. అట్లానే మింగించాలి,” అన్నాను.

“నూరకుండా ఇస్తే ఒంటికెట్టా పడద్ది సారూ? మా అమ్మా నూరింది, మా అత్తా నూరింది. మీ బిళ్లలకి పైన పొట్టొకటి. అది నలిగేసరికి నా చేతులు పడిపోతుండాయి.”

ఆ పొట్టే నా ఏడాది పని.

మంచం మీద వెంకటేశు నవ్వబోయి దగ్గాడు. “మీరు రాళ్లు చేసి పంపతారు, ఇది పిండి చేసి పెడతాది. నా కడుపు ఎవురి మాట ఇనాల సారూ?”

అతను కక్కుకోవడం చూడలేక ఆమె మూడు పూటల మందును ఒక పూటకు తగ్గించింది. అరకొర మందుకు క్షయ లొంగదు, మొండికేస్తుంది. నాలుగు నెలలుగా జరుగుతున్నది అదే.

నా సంచిలోంచి ఒక బిళ్ల తీసి గ్లాసెడు నిమ్మరసంలో వేశాను. అరగంటైనా చెక్కుచెదరలేదు. పోలమ్మ గ్లాసులో వేలు పెట్టి బిళ్లను నొక్కి చూసింది.

“అయితే ఇన్నాళ్లూ నేనే కక్కించినానా సారూ?”

“తెలియక చేశావులే,” అన్నాను. మా డబ్బా మీద ఇంగ్లీషు తప్ప మరో అక్షరం లేదు.

ఆ రోజునుంచి అతను బిళ్లలు నూరకుండానే మింగాడు. వాంతులు తగ్గాయి కానీ పూర్తిగా ఆగలేదు. మాఘంలో చనిపోయాడు. ‘నూరరాదు’ అని మేము తెలుగులో లేబుల్ వేయించింది ఆ తర్వాతే.

మిగిలిన బిళ్లల డబ్బాను పోలమ్మ ఒక మనిషి చేత నాకు పంపించింది. మూత తీస్తే, ఉప్పుగాలి తేమకు బిళ్లలు ఒకదానికొకటి అతుక్కుని ఉన్నాయి. చాలావాటి పూత అప్పటికే పగిలింది. అలాంటి బిళ్ల నూరకపోయినా కడుపులోనే కరుగుతుంది. నిమ్మరసంలో నేను వేసింది నెల్లూరు నుంచి తెచ్చిన కొత్త బిళ్ల.

ఆ డబ్బాను పరీక్షించాలని యజమానిని అడిగాను. ఆయన బీరువాలో పెట్టి తాళం వేశాడు. దాన్ని ఎవరూ పరీక్షించలేదు. పూత పగిలిన సంగతి నేను పోలమ్మకు చెప్పలేదు.