టీవీ సౌండు పెంచిన సాక్షి

అరకు దగ్గర మా లైను ఇళ్లలో, కాఫీ తోట పనికెళ్లే పక్కింటి చిలకమ్మను మొగుడు కొట్టేవాడు. ఆమె కోర్టుకెళ్లింది. నన్ను సాక్షిగా పిలిచారు.

వెంటనే నా హక్కులు గుర్తొచ్చాయి. బస్సు చార్జీలిస్తారా, కుర్చీ వేస్తారా, ఎవరైనా బెదిరిస్తే రక్షణ ఉంటుందా అని ఆమె లాయరమ్మను వేపుకు తిన్నాను. ఇస్త్రీ చొక్కా తొడుక్కుంటుంటే మా ఆవిడ, "ఏటి, సాచ్చెం సెప్పడానికా, సన్మానానికా?" అంది.

బోనెక్కాక అవతలి లాయరు నవ్వుతూ అడిగాడు. "మీ ఇంట్లో టీవీ అంత మోత మోగుతుంటే, గోడ అవతలి ఏడుపు మీకెలా వినబడింది?"

వినలేదంటే చిలకమ్మ కేసు పోతుంది. నిజం చెబితే నా పరువు పోతుంది. జవాబివ్వకుండా దిగిపోయే హక్కేదైనా ఉందేమోనని లాయరమ్మ వైపు చూశాను. ఆవిడ నన్నే చూస్తోంది.

"ఏడుపు విన్నాకే సౌండు పెంచానండి," అన్నాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

మొగుడు చెయ్యి చేసుకోకూడదని చిలకమ్మకు కోర్టు రక్షణ ఉత్తర్వు ఇచ్చిన రోజు, దండం పెడుతుందని ఎదురెళ్లి నిలబడ్డాను.

"నిజిం సెప్పినావు, మంచిదే అన్నా. ఆ రోజే బేగొచ్చి తలుపు కొట్టుంటే ఈ కోర్టెందుకు?" అనేసి వెళ్లిపోయింది.

ఇప్పుడు ఎవరింట్లో గిన్నె కిందపడ్డా లేచి వెళ్లి అడుగుతున్నాను. లైనంతా నవ్వుకుంటోంది. నవ్వుకోనీ.