చింతపండు నీళ్ల వైద్యం

నైజాం రోజుల్లో, గద్వాలలోని మా ఇంట్లో ఒక కట్టుబాటు ఉండేది. మగ్గం గుంటలో కూర్చున్నాక మూర నేత పూర్తయ్యేదాకా లేవకూడదు. పెట్టింది మా నాయన. పట్టు అంచు చీరను మా ఇంట్లో ఇద్దరం కలిసి నేసేవాళ్లం కాబట్టి, ఒకరు లేస్తే రెండోవాళ్లు చేతులు ముడుచుకోవాల్సిందే. కాపురానికి వచ్చిన కొత్తలో నా భార్య ఒకసారి మధ్యలో లేవబోతే, "ఇది మగ్గమా, మీ తల్లిగారింటి అరుగా?" అని ఎగిరిపడ్డాను. మళ్లీ ఆమె లేవబోలేదు.

నాకు నలభై ఏళ్లు వచ్చేసరికి నా నోటికి తగిన శాస్తి జరిగింది. అరగంట కూర్చోలేకపోయేవాణ్ణి. ఒంటికి తన్నుకొచ్చేది, పరుగెత్తితే నాలుగు చుక్కలు, బోలెడు మంట. బీడీ తాగొస్తానని అబద్ధమాడి లేచేవాణ్ణి. అప్పుడు మగ్గం మీద వనపర్తి వాళ్ల పెళ్లిచీర ఉంది. అది ముహూర్తానికి అందకపోతే ఆ ఇంటివాళ్లు మళ్లీ మా గడప తొక్కరు.

దవాఖానకు పోవడానికి సిగ్గు. నాకు తెలిసిన విద్య రంగులద్దడం. రంగేసిన పట్టును చింతపండు నీళ్లలో ముంచితే నిగ్గు తేలుతుంది. పట్టుకు పనికొచ్చింది పొట్టకు పనికిరాదా అనుకుని రెండు పూటలా చెంబెడు తాగాను. మంచినీళ్లు మానేశాను, తాగితేనే కదా వచ్చేది! పైగా పుల్లటి పుంటికూర, మిరపకాయ తొక్కు, చాయ. నాలుగు రోజుల్లో అరగంట పావుగంటయింది.

సిగ్గు విడిచి డాక్టరు దగ్గరికి పోయాను. ఒంటికి పోసి ఇచ్చిన నా సీసాలో ఆయన నీలి కాగితం ముంచితే ఎర్రబడింది. నాలోని అద్దకంవాడు ఊరుకోలేదు.

"రంగు మంచిగ పట్టింది సారూ. ఉతికితే పోతదా?"

"మంచిగున్నోళ్లది గూడ ఎర్రగైతది. గదే రోగమనుకోకు," అన్నాడు ఆయన నవ్వాపుకుంటూ. "గానీ పులుపు, కారం, చాయ కొందరికి పడవు. కొన్నొద్దులు బంద్ పెట్టి సూడు. నీళ్లు మానకు, మానితే చిక్కబడి ఇంకా మండుతది."

జొన్నరొట్టె, చప్పటి సొరకాయ కూర, రోజంతా కొద్దికొద్దిగా నీళ్లు. పదిరోజులకు లేవకుండా మూర నేశాను. మెప్పు కోసం భార్య వైపు తిరిగాను.

"సూస్తివా? ఒక్కపారి గూడ లేవలె!"

ఆమె ముఖమంతా చెమట. పళ్లు బిగబట్టి ఉంది.

"సూసిన. ఇగ జర లేవయ్యా. పెద్దోడు పుట్టినకాంచి నాగ్గూడ గిదే బాధ. గిన్నొద్దులు నువ్వు లేసినప్పుడే గద నేను పోయొస్తుంటి."

సిగ్గుతో నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. నా నాలుగు చుక్కలకు చెంబులకొద్దీ వైద్యం చేసుకున్నవాణ్ణి, పక్కనే కూర్చున్న మనిషిని చూడలేదు. ఎప్పుడంటే అప్పుడు లేవమని ఆమెకు చెప్పాను. సరేనంది కానీ, ఏళ్ల భయం ఒక్క మాటతో పోతుందా?

చీర ముహూర్తానికి అందింది. అప్పటినుంచి ప్రతి గంటకూ, నాకు రాకపోయినా, నేనే ముందు లేచేవాణ్ణి.