తులసికోట చుట్టూ యాభై మలుపులు

2023 చలికాలం. మంచిర్యాలలో మా ఇంటి ముందు గదిలో ఇంటర్ పిల్లలకు లెక్కలు చెబుతుండేదాన్ని. నేను కాలేజీ మెట్లెక్కలేదు. మా బాపు దగ్గర నేర్చుకుని ప్రైవేటుగా పరీక్షలు రాశాను.

ఒక సాయంత్రం బొగ్గుగని కార్మికుడి కూతురు రమ్య కాలేజీ పరీక్షలో సున్నా మార్కులొచ్చిన కాగితం పట్టుకొచ్చింది. సైన్ ఎక్స్‌కు యాభయ్యో డెరివేటివ్ అడిగారు. డెరివేటివ్ అంటే ఒక విలువ ఎంత వేగంగా మారుతోందో చెప్పేది. మళ్లీ మళ్లీ చేస్తుంటే మొదటి మూడింటికి పైన గీతలు పెడతాం. ఆపైన గీతలు పట్టవు కనుక అక్కడే బ్రాకెట్లో అంకె వేస్తాం. రమ్య బ్రాకెట్‌ను వదిలేసి, సైన్‌ను యాభయ్యో ఘాతం చేసేసింది.

"ఇంకోసారి తప్పితే ఎంట్రన్స్ బ్యాచ్‌ల నుంచి తీసేస్తా అన్నడు మా లెక్కల సారు."

"ఫికర్ చెయ్యకు బిడ్డా. వాకిట్లకు రా."

తులసికోటకు తూర్పున నిలబెట్టి, ఇది సైన్ అన్నాను. ప్రదక్షిణగా ఒక మలుపు తిరిగితే దక్షిణం, అక్కడ దాని డెరివేటివ్ కాస్. ఇంకో మలుపుకు మైనస్ సైన్, తర్వాత మైనస్ కాస్, మళ్లీ తూర్పే.

"గిట్ల యాభై మలుపులు తిరగాల్నా మేడం?"

"కాళ్లతోనా, తలకాయతోనా?"

నవ్వి, నిలబడ్డచోటే లెక్కేసింది. "నలభై ఎనిమిదికి పన్నెండు చుట్లు, మళ్ల ఈడికే. ఇంక రెండు మలుపులు... పడమర. మైనస్ సైన్!"

మర్నాడు కాలేజీలో అలాగే చెబితే సారు వినలేదట. ఫార్ములా లేని జవాబు చెల్లదని కొట్టేశారు. నాకు తగవులు రావు. దేవునికి దీపం పెట్టుకుని, పిల్లతో పాటు నేనూ కాలేజీకి వెళ్లాను.

"గీ తులసికోట లెక్కలు ఏడ చదివినవమ్మా?"

"ఇంట్ల, సార్. మా బాపు దగ్గర," అన్నాను గొంతు తగ్గించి. "నా చదువు సంగతి పక్కకు పెట్టి పిల్లను అడుగుండ్రి. అంకె మీ ఇష్టం."

కాస్ ఎక్స్‌కు తొంభై తొమ్మిదో డెరివేటివ్ అని బోర్డు మీద రాశారు. రమ్య కళ్లు మూసుకుంది. దక్షిణాన మొదలుపెట్టి, తొంభై ఆరుకు నిండు చుట్లు వదిలేసి, మిగిలిన మూడు మలుపులు నిలబడ్డచోటే తిరిగింది.

"సైన్, సార్."

"ఫార్ములా ఏది?"

"ఒక్కో మలుపు తొంభై డిగ్రీలు. తొంభై తొమ్మిది మలుపులను ఎక్స్‌కు కలిపితే మీ ఫార్ములానే గద సార్."

ఆయన బోర్డు తుడిచి, "పోయి బ్యాచ్‌ల కూసో" అన్నారు.

ఆ పాఠం వచ్చిన రోజు ఇప్పుడు పిల్లలందరినీ వాకిట్లోకే తీసుకెళ్తాను. నేర్పిన బాపుకూ, చోటిచ్చిన తులసమ్మకూ రోజూ దండం పెట్టుకుంటాను. ఎక్కడ చదివావని ఎవరైనా అడిగితే మాత్రం ఇక గొంతు తగ్గించను.