బాయి పీసీ

తాండూరులో బండలు కోసే చోట గాలికి కూడా తెల్లని ఒళ్లుంటుంది. రాయి అరిగినకొద్దీ పాలలాంటి నీళ్లు కాలువలోకి జారతాయి. ఎండాక పొడిగా లేచి మనుషుల రెప్పల మీద వాలతాయి. హన్మమ్మ రెప్పల మీద ఆ పొడి ఏళ్ల తరబడి వాలుతోంది. ఆమె పుట్టింది మర్పల్లి దగ్గర గొర్రెలు కాచే ఇంట్లో. మెట్టినిల్లూ గొర్రెలదే. మంద చిక్కిపోయాక భర్త దేవప్ప తన తమ్ముడి గొర్రెల వెంట పోయాడు, ఆమె కూతురిని తీసుకుని బండల వెంట వచ్చింది.

పాలిషింగ్ యూనిట్లో ఎవరూ ఆమెను హన్మమ్మ అనరు. కన్నడం, ఉర్దూ, మరాఠీ ఒకే బిందెలో నీళ్లలా కలిసిన ఊరు అది. అక్కడ ఆడవాళ్ల పేరు చివర బాయి అనే మాట వచ్చి కూర్చుంటుంది. ఆమె హన్మంబాయి. పక్కన బండలు కడిగే భాగమ్మ భాగూబాయి. బాయి అంటే ఆడమనిషి. ఆ మాటకు ఇంకో అర్థం ఉండవచ్చని ఆమెకు ఎన్నడూ తోచలేదు. తోచకపోవడం వల్లనే ఆమె చేతుల మీదుగా కూతురి చదువు పక్కదారి పట్టింది.

కూతురు నవనీత పదో తరగతి సెలవుల్లో అజహరుద్దీన్ దుకాణంలో కూర్చునేది. అతను పాత కంప్యూటర్లు బాగుచేస్తాడు. వాటిని అతను పీసీలంటాడు. "ఈ పీసీ సచ్చిపోయింది, ఆ పీసీకి జరమొచ్చింది" అంటూ పశువుల డాక్టరులా తిరుగుతుంటాడు. ఒక సాయంత్రం హన్మమ్మ కూతురిని పిలవడానికి వెళ్లేసరికి తెర మీద ఒక ఆకుపచ్చ చుక్క ఆ అంచు నుంచి ఈ అంచుకు నడుస్తోంది. అంచు తగలగానే వెనక్కి తిరుగుతోంది.

"గది ఎట్ల తిరుగుతుందే?"

"నేను చెప్పిన. ఇంటున్నది" అంది నవనీత, కళ్లు తిప్పకుండా.

"మనింట్ల గొర్రెలు తప్ప మన మాట ఇన్నదేదీ లేదు బిడ్డా" అని హన్మమ్మ నవ్వింది. కానీ ఇంటికి నడుస్తున్నంతసేపూ కూతురి ముఖంలో ఆ ఆకుపచ్చ వెలుగు ఆరలేదు. కంప్యూటర్ ఇంజినీరింగ్ చదవాలని ఆ పిల్ల నోరు తెరిచి చెప్పింది ఆ రోజే.

దానికి ఇంటర్‌లో లెక్కలుండే గ్రూపు తీసుకోవాలి. దాన్ని ఎంపీసీ అంటారు. చెట్లూ జంతువులూ చదివేది బైపీసీ. అది డాక్టరు, నర్సు చదువుల దారి. అందులో లెక్కలుండవు. లెక్కలు లేకుండా కంప్యూటర్ ఇంజినీరింగ్ సీటుకు దరఖాస్తే పెట్టుకోలేరు. ఇదంతా నవనీతకు తెలుసు. వికారాబాద్‌లో ఆడపిల్లల గురుకుల కాలేజీలో సీటూ వచ్చింది. సరిగ్గా చేరే రోజుకు ఆమెకు ఒళ్లంతా అమ్మవారు పోసింది. వేపాకుల మధ్య పడుకుని, ఎండిన పెదవులతో, "ఎంపీసీ అని చెప్పమ్మా" అంది. హన్మమ్మ రైల్లో ఆ మాటను నోట్లో చక్కెరపలుకులా తిప్పుకుంటూ వెళ్లింది. ముందు అక్షరం ఎక్కడో కరిగిపోయింది. పీసీ మిగిలింది.

కాలేజీలో చేర్చుకునే సారు బాల్‌రాజ్ తలెత్తి అడిగాడు. "ఏ గ్రూపమ్మా? ఎంపీసీనా, బైపీసీనా?"

రెండింటిలోనూ పీసీ ఉంది. హన్మమ్మ ఒక్క క్షణం తడబడింది. అంతలోనే ఆమెకు నవ్వొచ్చింది. ఆడపిల్లల కాలేజీ. ఆడపిల్లకు ఏది రాయించాలో ఇంత ఆలోచించాలా?

"బాయిదే రాయి సారూ. బాయి పీసీ."

సారు ఆమె పలుకును పట్టించుకోలేదు. రాసుకున్నాడు. హన్మమ్మ బయటికి వచ్చి, అనంతగిరి గుట్టల మీద వంగిన మబ్బు వైపు చూసి, కొంగుతో ముఖం తుడుచుకుంది. తన బతుకులో మొదటిసారి ఒక పెద్ద పనిని తానొక్కతే చక్కబెట్టానని ఆమె ఒళ్లు తేలికైంది.

నవనీత మచ్చలు మాని కాలేజీకి వెళ్లింది. వానలు మొదలయ్యాయి. తల్లులు పిల్లల్ని చూడ్డానికి వచ్చే ఆదివారం హన్మమ్మ కంది గుగ్గిళ్లు కట్టుకుని వెళ్లింది. గుట్టల నుంచి తడిగాలి దిగుతోంది. చెట్టు కింద కూర్చున్న నవనీత బక్కచిక్కి ఉంది. గుగ్గిళ్లు ఒక్కొక్కటే తీసి, తినకుండా అరచేతిలో దొర్లిస్తోంది.

"తినవేందే? కంప్యూటర్ల ముందట కూసుంటే ఆకలి సచ్చిపోతదా?"

"కంప్యూటర్ లేదమ్మా."

"అంటే?"

"నన్ను బైపీసీల ఏసిన్రు. పువ్వుల బొమ్మలు గీస్తున్న. కప్ప గుండె గీస్తున్న."

హన్మమ్మ చెవిలో మాట పడింది, అర్థం మాత్రం కాస్త దూరంగా ఆగి నిలబడింది. "గదే కదనే నేను రాయించింది. బాయి పీసీ."

నవనీత తల్లి ముఖంలోకి చూసింది. ఆ మాటను మెల్లగా పలికింది. బాయి. పీసీ. ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వు ఏడుపు వైపు వాలుతుండగా పంటితో ఆపింది.

"అది బాయి కాదమ్మా. బై. బయాలజీ. చెట్లు, పురుగులు."

"మరి ఇన్ని దినాలు చెప్పకపోతివేందే!"

"ఎట్ల చెప్పాలె? నేను వచ్చేటప్పుడు స్టేషన్ల అందరికి చెప్పినవ్. నా బిడ్డకు నేనే పోయి రాయించిన అని. భాగూబాయి కాళ్లకు మొక్కించినవ్. అప్పటి నీ మొకం యాదికొస్తే నోరు రాలే."

చెట్ల మీద నిలిచిన వాన చుక్కలు ఇప్పుడు రాలుతున్నాయి. కూతురి అరచేతిలో గుగ్గిళ్లు తడిసిపోయాయి. వాటిని తీసి తన కొంగులో పోసుకోవడం తప్ప హన్మమ్మకు ఇంకేం చేయాలో తెలియలేదు.

"మార్చరా?"

"ఈ నెలాఖరు దాకనే మారుస్తరంట. ఆ తర్వాత ఇంతే."

మరుసటి రోజు యూనిట్లో హన్మమ్మ చేతిలో బండ జారింది. కాలి మీద పడేదే. జమాలున్నీసా పక్కకు లాగింది. ఆ ఇద్దరూ ఒకే బండకు రెండు అంచులు పట్టే జోడీ.

"ఏమాయెనే హన్మంబాయి? పరేషాన్‌గ ఉన్నవ్."

విషయం విన్నాక జమాలున్నీసా నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. "నీకు బాయి అని ఇనపడ్డదా? నేనైతే భాయ్‌పీసీ అనుకుందును. మగపోరగాండ్ల చదువు, మా పిల్లకొద్దు అని ఉరికి వస్తుంటి."

"నవ్వకు అక్కా. కడుపుల కాలుతున్నది."

"నవ్వకుంటే ఏం జేస్తం. జల్దీ పో. దినాలు ఆగయి."

దేవప్పకు ఫోను కలిసింది. అతని మాటల వెనక గొర్రెల అరుపులు, గాలి.

"డాక్టర్ల చదువే గదా? మంచిదే గదనే. ఏం ఖరాబైంది?"

"పిల్లకు వద్దంట."

"పిల్లకేమెరుక. ఉన్నకాడ ఉండనీయ్. మూడు పూటల బువ్వ పెడుతున్నరు. మేత ఉన్నకాడి నుంచి మందను ఎవడన్నా లేపుతడా?"

హన్మమ్మ ఫోను పెట్టేసింది. అతని మాటలో తప్పేమీ కనబడలేదు. అదే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

కాలేజీ ప్రిన్సిపాల్ మల్లీశ్వరి మేడం తల్లినీ కూతురినీ కూర్చోబెట్టి, నెమ్మదిగా చెప్పింది. ఆమె గొంతులో విసుగు లేదు.

"ఇక్కడ ఎంపీసీల ఖాళీ లేదమ్మా. తాండూరు ప్రభుత్వ కాలేజీల ఉన్నది, నేను ఫోన్ చేసి అడిగిన. కాని అక్కడికి పోతే ఈ సీటు పోయినట్టే. హాస్టల్ పోతది. మళ్లీ వస్తనంటే నా చేతుల ఉండదు. ఇంకో మాట. లెక్కల పాఠాలు అక్కడ శానా దూరం పోయినయ్. నవనీత బాటనీల అందరికంటే ముందున్నది. నర్సింగ్‌కు పోయినా మంచి బతుకే. ఆలోచించుకోండ్రి."

గోడ మీద పువ్వును నిలువునా కోసిన పటం వేలాడుతోంది. హన్మమ్మ దాన్ని చూసింది. ఎంత అందంగా ఉందో. దాన్ని చదివే పిల్ల సుఖంగా ఉండకూడదా? తాండూరులో వాళ్లది ఒక్క గది. తలుపు మూసినా తెల్లపొడి లోపలికి వస్తుంది. నల్లా నీళ్లు ఎప్పుడు వస్తే అప్పుడు లేవాలి. ఇక్కడ పరుపు, గుడ్డు, పుస్తకాలు, గుట్టల గాలి. ఒకసారి తెలియక చెడగొట్టింది. ఇప్పుడు తెలిసి చెడగొడుతోందా?

వరండాలోకి వచ్చాక అడిగింది. "నిజం చెప్పు బిడ్డా. ఇష్టంగనే ఫస్ట్ వస్తున్నవా గీ చదువుల?"

"ఏది ఇస్తే అది చదువుతనమ్మా. వస్తది." నవనీత వరండా స్తంభాన్ని గోటితో గీరుతోంది. "కప్ప గుండె గీసేటప్పుడు చేతులు ఇక్కడ ఉంటయ్. నేను ఉండ. లెక్కల క్లాసు పక్క గదిలనే. గోడకు చెవి పెట్టి కూసుంట. సారు సున్నా అన్నది ఇనపడితే రాసుకుంట. ఎందుకు సున్నానో ఇనపడది."

"పోతే, అక్కడ వెనకబడితే?"

"పడొచ్చు."

"ఫెయిలైతే?"

"ఏమోనమ్మా. నాకూ భయమైతున్నది." ఆమె కళ్లు నిండాయి. "కాని ఇక్కడుంటే మాత్రం ఎన్నటికి కాదు. అది పక్కా."

హన్మమ్మ వరండా గట్టు మీద కూర్చుంది. ఆమెకు ఎంపీసీ తెలియదు, ఇంజినీరింగ్ తెలియదు. భయమైతున్నదన్న మాట తెలుసు. భయపడుతూ కూడా అటే చూస్తున్న కళ్లు తెలుసు. వాన ఎక్కువవుతుండగా ఆమె లేచి, ప్రిన్సిపాల్ గదిలోకి ఒక్కతే వెళ్లింది.

"తీసుకపోత మేడం" అంది. "ఖరాబు చేసింది నేనే. రేపు ఇంకెంత ఖరాబైనా నాదే. పిల్లనేం అనకుండ్రి."

మల్లీశ్వరి మేడం టీసీ రాయమని బాల్‌రాజ్‌ను పిలిచింది.

సాయంత్రం రైల్లో తల్లీకూతుళ్లు కిటికీ పక్కన కూర్చున్నారు. కాళ్ల దగ్గర రేకు పెట్టె. హాస్టల్లో పక్క మంచం పిల్ల సానియా తన అక్క చదివిన పాత లెక్కల పుస్తకం ఇచ్చి పంపింది. నవనీత దాన్ని మధ్యలో తెరిచింది. తాండూరు కాలేజీలో ఆ పాఠమే నడుస్తోందట. రైలు ధారూర్ స్టేషన్ దాటింది. తడిసిన కంది చేలు వెనక్కి వెళ్తున్నాయి, ముదురు ఆకుపచ్చ నీళ్లలా. నవనీత పేజీ తిప్పలేదు. పెన్సిలుతో ఒకే గీత మీద మళ్లీ మళ్లీ దిద్దుతోంది.

"ఏమాయె?"

"ఒక్క ముక్క సమజ్ అయితలేదమ్మా. ఇది ఎక్కడ మొదలైందో కూడ తెలుస్తలేదు."

వదిలేసిన పరుపూ గుట్టల గాలీ రైలు వెనకాలే పరుగెత్తి వస్తున్నట్టు హన్మమ్మకు అనిపించింది. "మల్ల తప్పు జేసిన్నా నేను?"

నవనీత పుస్తకం మూసి, ముందు నుంచి తెరిచింది. వెలుతురు తగ్గిపోతోంది. అక్షరాలు మసకగా ఉన్నాయేమో, కళ్లు చిట్లించింది.

"జర అటు జరుగమ్మా. ఎల్తురుకు అడ్డమొస్తున్నవ్."

హన్మమ్మ సీటు అంచుకు జరిగి, రేకు పెట్టెను మోకాళ్లకు ఆనించి పట్టుకుని కూర్చుంది.