ఆకాశంలో సారా కొట్టు

ఆ రోజుల్లో మా జిల్లాల్లో సారా అమ్మితే జైలే. మద్యనిషేధం ఇంకా ఎత్తెయ్యలేదు. అందుకని మా నాటక సమాజం కార్యదర్శి సారా కొట్టుని తీసుకెళ్ళి ఆకాశంలో పెట్టాడు.

ఆయన విజయనగరం పక్కన ఒక జనపనార మిల్లులో గుమాస్తా. దొంగచాటుగా సారా పోస్తూ, తాగినవాళ్ళ నోట్లోంచి ఇంటి గుట్లన్నీ లాగి, ఒకడి మీదికి ఇంకొకణ్ణి ఎగదోసి బతికే జిత్తులమారి మనిషి మీద నాటకం రాయాలని ఆయన కోరిక. ఉన్నదున్నట్టు రాస్తే ముందువరసలో కూర్చునే పోలీసు పెద్దలకి ఎక్కడ కోపమొస్తుందోనని భయం. చంద్రుడి మీదికి మనుషుల్ని పంపిస్తున్నారని అప్పట్లో రేడియోలో ఒకటే హోరు. ఇంకేం, భూమికీ చంద్రుడికీ మధ్య ఒక మజిలీ కట్టించి, అందులో కొట్టు తెరిచి, ఏదో గ్రహం నుంచి వచ్చిన నీలం రంగు మనిషిని అక్కడ కూర్చోబెట్టాడు. వచ్చేపోయే రాకెట్ల వాళ్ళకి వాడు పోస్తాడు, వాళ్ళ మాటలు వింటాడు, చివరికి ఆ మజిలీ మొత్తాన్నీ గుప్పిట్లో పెట్టుకుంటాడు. ఆకాశంలో ఏం జరిగినా పోలీసులకి పట్టదు కదా.

నేను నాటకాలకి కిరాయికి వెళ్ళే ఆడదాన్ని. విజయనగరంలో మా పిన్నితో ఉండేదాన్ని. సమాజాల వాళ్ళు తమ ఇళ్ళలో ఆడవాళ్ళని స్టేజి ఎక్కనివ్వరు కాబట్టి మాలాంటి వాళ్ళని పిలిచేవారు. పిలిచి ఏడిపించేవారు. స్టేజి మీద నేను ఏడ్చినన్ని ఏడుపులు ఏ ఇల్లాలూ తన కాపురంలో ఏడ్చి ఉండదు. ఈ నాటకంలోనూ అంతే. రాకెట్ నడిపేవాడి భార్యని. మొదటి రంగంలో పైకి చూసి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడవాలి. ఆ తర్వాత నాతో పనిలేదు.

కొట్టువాడి వేషం కార్యదర్శి బావమరిదిది. అతనికి ఒక్కటే వచ్చు, జుట్టు ఎగదువ్వుకోవడం. గ్లాసు తుడుస్తూ మాటలు వినాలిరా అంటే, బిందె తోమినట్టు తోమేవాడు. రిహార్సల్స్‌లో మూల కూర్చుని చూస్తుంటే నాకు చేతులు దురద పెట్టేవి. ఎందుకంటే, ఆ పని ఎలా చెయ్యాలో నేను చూశాను. బాబాయి పోయాక మా పిన్ని కొన్నాళ్ళు పెరటి వసారాలో సారా అమ్మింది. పైటచెంగుతో గ్లాసు తుడిచేది. కళ్ళు గ్లాసు మీదే, మనిషి మీదికి వెళ్ళేవి కావు. అవతలివాడు అసలు మాట దగ్గరికొచ్చేసరికి ఆ తుడుపు నెమ్మదించేది. వాడు అనుమానపడి ఆగితే మళ్ళీ గబగబా తుడిచేది, ఏమీ విననట్టు. వాడు ధైర్యం తెచ్చుకుని మిగతాది కూడా చెప్పేసేవాడు. పోలీసులు కూడా అక్కడే తాగేవారు. ఆ పోలీసులే ఒకరోజు ఆమెని పట్టుకెళ్ళారు. జైలు నుంచి వచ్చాక మళ్ళీ అమ్మలేదు గానీ, మా వీధిలో ఆమెకి పడిన పేరు మాత్రం పోలేదు.

రంగు దగ్గర తేడా వచ్చింది. మేకప్ వేసే ఆయన కూడా మిల్లు మనిషే. మామూలు నీలిమందు చెమటకి కారిపోతోందని, గోనెసంచుల మీద ముద్రలు కొట్టే నీలం రంగు తెచ్చి కొబ్బరినూనెలో కలిపాడు. బావమరిది మోచేతికి కాస్త రాసి చూశారు. బ్రహ్మాండంగా ఉంది. వారం తర్వాత కూడా అలాగే బ్రహ్మాండంగా ఉంది. గోనెసంచి వానలో తడిసినా పోకూడదని తయారు చేసిన రంగు, సబ్బుకి పోతుందా? నాటకం అయిన మూడోనాడే అతనికి పెళ్ళిచూపులు.

"నీలం మొకమేసుకుని ఎల్తే పిల్లనెవుడిత్తాడు బావా? నావల్ల కాదు," అన్నాడతను.

ఇంకో రంగు చూసుకోవచ్చు. కానీ కార్యదర్శి ఆ రంగుని వదులుకునేలా లేడు. రాజాంలో జరిగే నాటక పోటీలకి ఎవరు ఏ వేషం వేస్తారో పేర్లు కూడా పంపేశారు. అప్పుడు నేను లేచి, ఆ వేషం నేను వేస్తానన్నాను. అందరూ నవ్వారు. బల్ల మీది గ్లాసు తీసుకుని, పైటచెంగుతో తుడుస్తూ, గొంతు బొంగురు చేసి రెండు మాటలు చెప్పాను. నవ్వు ఆగిపోయింది. వేరే గ్రహం జీవి ఆడో మగో ఎవరికి తెలుసు? మొహం నిండా రంగు, నెత్తికి పాగా, ఒంటికి పొడుగు చొక్కా. నన్ను ఎవరూ గుర్తుపట్టలేరు.

"మా బావమరిది పేరే ఎల్లిపోనాది. ఇప్పుడు మారిస్తే పోటీలోంచి తీసేస్తారు," అన్నాడు కార్యదర్శి. "అన్నీ అయిపోనాక మైకులో నేనే సెప్తానమ్మా, ఈ వేషం ఏసింది నువ్వని. దేవుడి మీద ఒట్టు."

కిరాయి సంగతి నేను ఎత్తనే లేదు. మైకులో ఆ ఒక్క మాట వినపడితే చాలనుకున్నాను. ఏడుపు కాక ఇంకోటి కూడా వచ్చు దీనికి అని పదిమందికీ తెలిస్తే, రేపటి నుంచి నన్ను మనిషిలాంటి వేషాలకి పిలుస్తారు. నా ఆశంతా ఆ మాట మీదే ఉంది.

రాజాంలో పొద్దు గూకగానే మా నాటకం. మొదటి రంగంలో ఏడ్చేసి, లోపలికి పరుగెత్తి మొహానికీ మెడకీ చేతులకీ ఆ రంగు పులుముకున్నాను. గోళ్ళ సందుల్లోకి కూడా పోనిచ్చాను. సీసాల్లో రంగు సోడా పోశారు. నేను గ్లాసు తుడుస్తూ నోరు విప్పిన కాసేపటికి పందిట్లో సద్దు మణిగిపోయింది. తుడుపు నెమ్మదించినప్పుడల్లా జనం ముందుకి వంగడం స్టేజి మీంచి నాకు కనిపిస్తూనే ఉంది.

"ఒరే మావా, ఇది మనూరి కొట్టేరా!" అని ఎవడో అరిచాడు. పందిరంతా గొల్లుమంది. నాకు తోడుగా వచ్చిన పిన్ని ఆడవాళ్ళ వైపు కూర్చుని ఉంది. ఆమె మాత్రం నవ్వలేదు. నా చేతులవైపే చూస్తోంది.

మర్నాడు పొద్దున్న బహుమతులు. కిరసనాయిలుతో తోమినా, సున్నిపిండితో రుద్దినా మొహం నీలంగానే ఉంది. తను పిలిచేదాకా ఇవతలికి రావద్దన్నాడు కార్యదర్శి. పైట మొహం మీదికి లాక్కుని పక్కతెర వెనక నిలబడ్డాను. ఉత్తమ విలన్ షీల్డు మా నాటకానికే అన్నారు. బావమరిది నున్నగా దువ్వుకుని, పౌడరు రాసుకుని స్టేజి ఎక్కాడు. న్యాయనిర్ణేతగా వచ్చిన ముసలి పంతులుగారు ఆ గ్లాసు తుడుపు గురించే ఎంతసేపు మాట్లాడారో! ఎక్కడ నెమ్మదించిందో, ఎక్కడ వేగం అందుకుందో అన్నీ పట్టుకున్నారు. ఆయన చూపుకి దణ్ణం పెట్టాలనిపించింది. ఆఖర్న, "ఏ కొట్టులో చూసి నేర్చుకున్నావు నాయనా?" అని అడిగారు.

"మన జిల్లాల్లో కొట్లెక్కడున్నాయండీ? అంతా ఊహేనండి," అన్నాడు బావమరిది. జనం విరగబడి చప్పట్లు కొట్టారు.

అప్పుడు కార్యదర్శి మైకు అందుకున్నాడు. నేను మొహం మీది పైట తీసేసి, కుచ్చిళ్ళు సర్దుకుని, ఒక అడుగు ముందుకి వేశాను. ఆయన మిల్లు మేనేజరుగారికి కృతజ్ఞతలు చెప్పాడు. అధ్యక్షులవారికి చెప్పాడు. సోడాలు ఇచ్చినాయనకి చెప్పాడు. మైకు సెట్టువాళ్ళకీ, పందిరి వేసినవాళ్ళకీ, గొడవ చెయ్యకుండా కూర్చున్న రాజాం పురప్రజలకీ చెప్పాడు. చెప్పి మైకు దింపేశాడు.

బస్సు దగ్గర అడిగాను. "ఏటి సెయ్యమంతావమ్మా? ఒకరి పేరుతో ఇంకొకరు ఏసినారని తెలిస్తే షీల్డు ఎనక్కి లాగేసుకుంటారు. సమాజం పరువు సూడాల కదా," అన్నాడు. ఆ సంగతి ఒట్టు పెట్టినప్పుడూ ఆయనకి తెలుసు. నాటకంలో ఆ కొట్టువాడు చేసే మోసమూ సరిగ్గా ఇలాంటిదే. ఎదుటివాడికి ఏది కావాలో కనిపెట్టి, అదే ఇస్తానని చెప్పి పని జరిపించుకుంటాడు. ఆ మాటలన్నీ ఈయన రాసినవే. ఊహించి రాశాడనుకున్నాను నేను, పిచ్చిదాన్ని.

బస్సులో అందరూ నా మొహమే చూశారు. "ఏటమ్మా, మొకానికేటయినాది?" అని కండక్టరు అడిగితే, టిక్కెట్టు తీసుకుని తల తిప్పుకున్నాను. చీపురుపల్లి దాటాక పిన్ని నావైపు తిరిగింది. అప్పుడు అడిగింది:

"ఓలే గుంటా, నాను అలగే తుడిసీదాన్నా?"

"అలాగే తుడిచేదానివి పిన్నీ."

"సూడ్డానికి బాగుంటాదా?"

"చాలా బాగుంటుంది," అన్నాను. ఆ పని గురించి ఆమెకి బతుకు మొత్తంలో దొరికిన మెప్పు అదొక్కటే. కొన్నాళ్ళకి నిషేధం ఎత్తేసి సందుసందుకీ కొట్టు పెట్టారు. వాటికి బోర్డులు కూడా ఉండేవి. అప్పుడు ఆమెని మెచ్చుకున్నవాళ్ళు ఎవరూ లేరు.

రెండు వారాల తర్వాత కార్యదర్శి మా ఇంటికి వచ్చాడు. నాటకం శ్రీకాకుళంలో ఆడమని పిలుపు వచ్చిందట. బావమరిదికి సంబంధం కుదిరిపోయిందట, షీల్డు చూసి పిల్ల తండ్రి ముచ్చటపడ్డాడట. ఇక రంగు వేసుకోవడానికి అభ్యంతరం లేదట. ఆ గ్లాసు తుడవడం నేను అతనికి కాస్త నేర్పాలట. నేను మళ్ళీ భార్య వేషంలో ఏడవాలట.

నేను నోరు తెరిచేలోపే పిన్ని లోపల్నుంచి వచ్చింది.

"అది నేరిపీది కాదు బాబూ. నాకు మొగుడు పోనాక వొచ్చినాది. ఆకరికి జైల్లో ఏసినారు. మీ వోడికి కావాలంటే అయ్యన్నీ అయినాక రమ్మను."

ఆయన మొహం మాడ్చుకుని లేచాడు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుంటూ నా చేతులు చూశాడు. అప్పటికి మొహం మీదా మెడ మీదా రంగు పోయింది, గోళ్ళకి మాత్రం ఉంది.

"ఆ గోళ్ళు కత్తిరించేసుకో అమ్మా," అన్నాడు మెల్లిగా. "ఎవరైనా సూస్తే బాగోదు."

నేను కత్తిరించుకోలేదు. బజారుకి వెళ్ళినా, కుళాయి దగ్గర నిలబడినా, చేతులు బయటికి కనపడేలా పెట్టుకునే తిరిగాను. ఆ నీలం ఏమిటని ఒక్కరైనా అడిగితే మొత్తం చెప్పేద్దామనుకున్నాను. గోళ్ళు పెరుగుతున్నకొద్దీ రంగు చివరికి జరిగింది. బట్టలు ఉతుకుతుంటే చివర్లు ఒక్కొక్కటే విరిగిపోయాయి. ఎవరూ అడగలేదు.