యాడ్లు లేని ఇల్లు

అయినా నేను చేసిన నేరమేంటో ఇంతవరకూ ఒక్కరూ సరిగ్గా చెప్పలేదు. "మిద్దె మీది డిష్షు పీకేసింది" అంటారు. పీకేశాను. రీచార్జి అయిపోయిన డిష్షు మిద్దె మీద ఉండి ఏం చేయాలి, ఆకాశానికి దండం పెట్టుకుంటూ కూర్చోవాలా? మా అమ్మైతే ఫ్యామిలీ గ్రూపులో "పచ్చగుండే ఇంట్లో నిప్పులు పోసినావు గదే" అని పెట్టింది. దాని కింద మా బంధువులంతా వరసగా చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. వాళ్ళలో ఒక్కరింట్లో కూడా ఇప్పుడు డిష్షు లేదు. పడుకుని ఫోన్లో సినిమాలు చూస్తూ, మధ్యలో కాస్త ఆపి, నన్ను తిట్టి, మళ్ళీ సినిమాలోకి వెళ్ళిపోయారు.

సరే, జరిగింది జరిగినట్టు చెప్తాను.

నేను కర్నూలులో పుట్టి కర్నూలులోనే పెరిగిన మనిషిని. ఇంట్లో కూర్చుని కంప్యూటర్లో చేసుకునే ఉద్యోగం. ఈ మధ్య మా ఇంటి మీద ఇంకో అంతస్తు వేస్తున్నారు. టైల్స్ కోసే మిషన్ చప్పుడు విని మా మేనేజరు ఒక మీటింగులో "మీ ఊళ్ళో పరిస్థితి అదుపులోనే ఉందా?" అని అడిగాడు. అందుకని రెండు నెలలు ప్రశాంతంగా పని చేసుకుందామని మా పెద్దమ్మ వాళ్ళింటికి వెళ్ళాను. మైదుకూరు దాటాక వచ్చే ఊళ్ళో నేతగాళ్ళ వీధి అది. ప్రశాంతత వెతుక్కుంటూ మగ్గాల వీధికి వెళ్ళిన మొదటి మనిషిని బహుశా నేనే.

పెద్దమ్మ ఇంట్లో ముందు గది మొత్తం మగ్గానిదే. నేలలో గుంత తవ్వి, అందులో కాళ్ళు పెట్టుకుని తొక్కుతూ నేసే మగ్గం. టీవీ ఆమె వెనక గోడకి ఉంటుంది. ఎదురుగా పెట్టుకోవచ్చు కదా అని నేనూ అడిగాను. నేసే మనిషి కళ్ళు దారం మీద ఉండాలట. బొమ్మ చూస్తే పోగు తెగుతుందట. అంటే ఇన్నేళ్ళుగా ఆమె టీవీని వీపుతో చూస్తోందన్నమాట. మగ్గం చప్పుడు మీద వినపడాలని టీవీకి ఫుల్లు సౌండు. ఆ సౌండు మీద వినపడాలని మనుషులకి ఇంకా పెద్ద గొంతులు. నేను చెవుల్లో ఇయర్‌ఫోన్లు దోపుకుని, మేనేజరుకి "ఇక్కడ చాలా ప్రశాంతంగా ఉంది" అని మెసేజ్ పెట్టేదాన్ని.

సాయంత్రం ఆరయ్యేసరికి వీధిలో ఆడవాళ్ళు నలుగురు దిగిపోయేవాళ్ళు. ఎదురింటి అక్క, ఆమె అత్త, అంటే మేమంతా అవ్వ అని పిలిచే ఆవిడ, ఇంకో ఇద్దరు. రావడం సీరియల్ కోసమే. గది మూలన రెండు రాట్నాలుండేవి. వచ్చినవాళ్ళు వంతులవారీగా వాటి దగ్గర కూర్చుని, కళ్ళు టీవీలో పెట్టి, చేతులతో కండెలు చుట్టేవాళ్ళు. కండె అంటే అడ్డదారం చుట్టే చిన్న పుల్ల. దాన్ని నాడెలో పెడితే నాడె అటూ ఇటూ పరిగెత్తి గుడ్డ నేస్తుంది. ఒక్క చీరకి కండెలు గంపల కొద్దీ కావాలి. చుట్టమని వాళ్ళని ఎవరూ అడగరు, చుట్టామని వాళ్ళూ చెప్పుకోరు.

యాడ్లు రాగానే అందరూ ఒక్కసారిగా కదిలేవాళ్ళు. చుట్టిన కండెలు పెద్దమ్మ పక్కన గంపలో పడేవి. పెద్దమ్మ గుంతలోంచి పైకొచ్చి మోకాళ్ళు రుద్దుకునేది. తను చూడని బొమ్మ గురించి అప్పుడే అడిగేది.

"ఏం చేస్తాండాది మే ఆ కోడలు? మాటే వినపడల్యా."

"ఏం చేస్తాది, తలుపు సందులో నిలబడి వింటాండాది," అని ఎదురింటి అక్క.

"మొన్న గూడ వింటాండె గదా."

"మొన్న వేరే తలుపు."

అరుగు మీద బీడీ కాల్చుకుంటూ మా పెదనాన్న లోపలికి వినపడేలా అనేవాడు, "పనీపాట ల్యానోళ్ళంతా మా ఇంట్లోనే చేరుతారు." అవ్వ కూడా ఊరుకునేది కాదు. "నీకు శానా పనులుండాయి ల్యాప్పా. ఆ బీడీ ఆరిపోకుండ చూస్కో." నాకు మాత్రం పెదనాన్న మాటే కరెక్టనిపించింది. మా ఇద్దరికీ ఒక విషయంలో అభిప్రాయం కలవడం అదే మొదలు.

అందుకే రీచార్జి అయిపోయిన రోజు నేను రంగంలోకి దిగాను. ఈ కాలంలో ఇంకా ఆరింటిదాకా కూర్చుని, వాడు వేసినప్పుడు చూసి, మధ్యలో సబ్బులూ మసాలాపొడులూ భరించడమేంటి? నా జీతంతో స్మార్ట్ టీవీ తెప్పించాను. నెట్ పెట్టించాను. ఆ సీరియల్ వచ్చే యాప్‌లో యాడ్లు అస్సలు రాని ప్లాన్ తీసుకున్నాను. స్పానర్ పట్టుకుని మిద్దెక్కి డిష్షు నేనే విప్పాను. పెద్దమ్మ దాన్ని చూసి "ఇనుప చాట మాదిరి ఉండాది" అని మురిసిపోయి అందులో మిరపకాయలు ఎండబెట్టింది. దిగివస్తుంటే నాకు దేశానికి స్వాతంత్ర్యం తెచ్చినంత గర్వం.

మొదటి సాయంత్రం మొత్తం వారం ఎపిసోడ్లు వరసపెట్టి వదిలాను. ఎక్కడా ఆగలేదు. ఎవరూ నోరు విప్పలేదు. విప్పితే డైలాగు పోతుంది. అందరూ రాట్నం ఆపి నోళ్ళు తెరుచుకుని చూశారు. పెద్దమ్మ చేతికి కండె అందించేవాళ్ళే లేరు. గుంతలోంచి లేచే సందూ దొరకలేదు. చాలాసేపటికి, కాళ్ళు తిమ్మిరెక్కి, "దీనికి ఊపిరాడదా మే?" అని అడిగింది.

"అదే కదా పెద్దమ్మా దీని గొప్పతనం."

లేచి వెళ్ళేటప్పుడు ఎదురింటి అక్క మెల్లగా వచ్చి, "ఇది మా ఫోన్లో గూడ వస్తాదా?" అంది. రాకపోవడమేంటి. నేను నలుగురి ఫోన్లూ తీసుకుని, నలుగురికీ నా పాస్‌వర్డే వేసి ఇచ్చాను. అవ్వ నా బుగ్గలు పుణికింది. ఉచితంగా ఇచ్చేవాళ్ళకి మా సీమలో ఎప్పుడూ మర్యాద ఎక్కువే.

మర్నాడు ఇద్దరు వచ్చారు. ఆ తర్వాతి రోజు ఎవరూ రాలేదు.

ఎందుకొస్తారు? అక్క పొయ్యి దగ్గర చూసుకుంటుంది, అవ్వ మంచం మీద చూసుకుంటుంది, ఒకామె బట్టలు ఉతుకుతూ చూస్తుంది. తీరిక ఉన్నామె పది ఎపిసోడ్లు ముందుకెళ్ళిపోయింది. కొళాయి దగ్గర బిందెలు పెట్టుకుని నిలబడితే ఇంతకుముందు సీరియల్ తప్ప వేరే మాట ఉండేది కాదు. ఇప్పుడు నోరు తెరిస్తే గొడవ.

"చెప్పొద్దు అక్కా, నేనింకా పెండ్లి కాడికి రాల్యా."

"నేను దాటి శానా దూరం పోయినా."

"అయితే పెండ్లి అయినట్లేనా?"

"చెప్పొద్దంటివి గదా, మళ్ళా అడుగుతావేంటికి?"

ఇక ఒక రోజు ఆరింటికి పెద్దమ్మ టీవీ పెట్టమంది. పెట్టాను. సీరియల్ బదులు నల్లటి తెర మీద నాలుగు అక్షరాలు వచ్చాయి. పెద్దమ్మ మగ్గం మీంచే తల తిప్పింది. "ఏం రాసిండాది మే?"

"ఒకేసారి ఎక్కువ మంది చూస్తున్నారంట పెద్దమ్మా. వాళ్ళలో ఎవరైనా ఆపితే మనకొస్తుంది."

ఆమె గది అంతా ఒకసారి చూసింది. మూలన ఉన్న రాట్నాలు చూసింది, ఖాళీ చాప చూసింది.

"యాడుండారు మే, ఎక్కువ మంది?"

నేను ఫోన్లోకి తల దించుకున్నాను. ఫోన్లు ఉన్నది అందుకే కదా.

ఆ రోజే గమనించాను, మగ్గం ఆగిపోయి ఉంది. దాని మీద ఉన్నది అమ్మకం చీర కాదు. ఆ వీధివాళ్ళు ఏటా ఒక ఇంటి చీర అహోబిలంలో అమ్మవారికి పెడతారు. ఈసారి వంతు పెద్దమ్మది. వచ్చే వారం అందరూ జీపు మాట్లాడుకుని వెళ్ళాలి. చీర ఒళ్ళు అయిపోయింది, కొంగు మిగిలింది. గంపలో కండెలు అడుగంటాయి.

"నువ్వే చుట్టుకోవచ్చు కదా," అన్నాను.

"అమ్మవారి చీర ఒక్క చేతిది గాదు మే. వీధి చేతులన్నీ పడాల."

"అయితే వాళ్ళని పిలువు."

పెద్దమ్మ నన్ను చూసినలాంటి చూపు నాకు ఆఫీసులో కూడా ఎప్పుడూ ఎదురుకాలేదు. "పిలిస్తే కూలి అయితాది. మా అత్త నాటినుంచి ఈ ఇంట్లో కండెలు చుట్టమని ఎవర్నీ పిల్చింది ల్యా. అప్పుడు భజనకొస్తాండిరి, తర్వాత రేడియోకొస్తాండిరి, ఇప్పుడు బొమ్మకొస్తాండిరి. వాళ్ళంతకు వాళ్ళు రావాల."

అంటే నేను మిద్దె మీంచి విప్పింది డిష్షు ఒక్కటే కాదన్నమాట. ఇది ముందే చెప్పొచ్చు కదా? ఇంత ముఖ్యమైన విషయం ఆ టీవీ మీద ఎక్కడైనా రాసి పెట్టొచ్చు కదా? అబ్బే. నేను నేరం చేసేదాకా అందరూ ఓపిగ్గా చూశారు.

రోషమొచ్చి నేనే రాట్నం ముందు కూర్చున్నాను. వీధి చేతుల్లో నా చెయ్యి లేదా ఏం? ఒక చేత్తో రాట్నం, ఒక చేత్తో ఫోను. దారం పట్టుకోవడానికి మూడో చెయ్యి ఇవ్వనందుకు దేవుణ్ణి తిట్టుకుని, ఫోను పక్కన పెట్టి మళ్ళీ మొదలుపెట్టాను. మధ్యాహ్నమంతా కష్టపడి ఒకటి చుట్టాను. పెద్దమ్మ దాన్ని వెలుతురులో తిప్పి చూసి, "ఇది కండె గాదు, ఎలక గూడు" అంది. నాడెలో పెడితే అది రెండుసార్లు అటూ ఇటూ పోయేసరికే దారం చిక్కుపడి తెగింది.

అప్పుడు నాకు కోపమొచ్చింది. నాకు కోపమొస్తే ఆలోచన ఆగుతుంది, వేలు కదులుతుంది. ఫోన్ తీసి పాస్‌వర్డ్ మార్చేశాను. అన్ని ఫోన్లలోంచీ ఒకేసారి బయటికి తోసేశాను.

పావుగంట పట్టలేదు. ఎదురింటి అక్క తడి చేతులతోనే వచ్చి గడపలో నిలబడింది. "ఏమ్మే, మా ఫోన్లో బొమ్మ పోయిండాది."

"పైనుంచే ఏదో ప్రాబ్లం అక్కా. పెద్దమ్మ టీవీలో ఒక్కదాంట్లోనే వస్తాంది," అన్నాను. ఇంత సాఫీగా అబద్ధం వచ్చినందుకు నాకే ముచ్చటేసింది.

ఆరింటికి నలుగురూ వచ్చారు. వచ్చీ రాగానే యుద్ధం. ఎక్కడినుంచి పెట్టాలి? ఒకరు పెళ్ళి దగ్గరున్నారు, ఒకరు పెళ్ళి కొడుకు జైలుకెళ్ళిన దగ్గరున్నారు. చివరికి అవ్వ తేల్చేసింది. "నేను అందరికంటే వెనకుండా. నా కాడినుంచి పెట్టు. ముందుకు పోయినోళ్ళు నోరు మూసుకొని ఇంగోసారి చూడండి." ముందుకు పోయినామె మాత్రం నోరు మూసుకోలేదు. రాబోయేది ముందే తెలిసినందుకు ప్రతి సీనుకీ "ఆఁ, ఇప్పుడు చూడు" అంటూ రాట్నం ఇంకా జోరుగా తిప్పింది.

కాసేపటికి పెద్దమ్మ కేకేసింది. "ఆపు మే, కండె అయిపాయ."

ఆపాను. నాకు తెలియకుండానే వేలు నొక్కేసింది. తెర మీద కోడలు నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. గదిలో అందరూ ఒక్కసారిగా మాట్లాడటం మొదలుపెట్టారు. కండెలు గంపలో పడ్డాయి. పెద్దమ్మ గుంతలోంచి పైకొచ్చి మోకాళ్ళు రుద్దుకుంటూ, "ఏం చేస్తాండాది ఆ పిల్ల?" అంది.

అవ్వ నా వైపు తిరిగింది. "యాడ్లల్లో సబ్బులన్నా చూపిస్తాండ్రి. నువ్వేం చూపిస్తావు మే?"

టీ పెట్టుకొచ్చి చూపించాను. యాడ్లు లేని ప్లాన్ కొన్న మనిషి, చదువుకున్న మనిషి, రోజూ ఆరింటి నుంచి యాడ్‌గా పని చేస్తోంది. పదేసి నిమిషాలకోసారి ఆపడం, టీ ఇవ్వడం, మళ్ళీ పెట్టడం. ఏ వీడియో అయినా స్పీడు పెంచి తప్ప చూడని దాన్ని, ఆపి ఆపి ఒక సీరియల్ చూశాను. నాలుగో రోజుకి అవ్వ నా వేలు పట్టుకుని దారం ఎంత బిగించాలో నేర్పింది. ఆ చీర కొంగులో ఎక్కడో నేను చుట్టిన కండెలు మూడు ఉన్నాయి. ఎక్కడో చెప్పను. అక్కడ నేత కాస్త వదులుగా ఉంటుంది.

చీర మగ్గం దిగింది. జీపులో అహోబిలం దాకా వాళ్ళు వాదించుకున్నది దేవుడి గురించి కాదు, జైలుకెళ్ళిన ఆ పెళ్ళికొడుకు గురించి. కొండల్లోకి వెళ్ళేసరికి నా ఫోన్‌కి సిగ్నల్ పోయింది. చేసేదేం లేక నేనూ వాదించాను.

తిరిగొచ్చాక అమ్మ మళ్ళీ గ్రూపులో మొదలుపెట్టింది, ఆ డిష్షేదో ఎక్కించేయొచ్చు కదా అని. ఎక్కించను. అందులో మిరపకాయలున్నాయి. పాస్‌వర్డ్ కూడా చెప్పను, అడిగితే ప్రాబ్లం ఇంకా పైనుంచే ఉంది. ఇక పెదనాన్న ఎప్పట్లాగే అరుగు మీంచి "పనీపాట ల్యానోళ్ళంతా చేరినారప్పా" అంటే, నేను గంపెడు కండెలు తీసుకెళ్ళి ఆయన ఒళ్ళో పెట్టి వచ్చాను. ఆయన బీడీ ఆర్పేసి, వాటిని లోపలికి మోసుకొచ్చాడు.

మీలోనూ ఉంటారు, సీరియల్ చూసే ఆడవాళ్ళకి వేరే పని లేదని నాలాగే అనుకున్నవాళ్ళు. సాయంత్రం ఆరింటికి ఆ గదిలోకి రండి, నేను టీవీ ఆపుతాను, టీ కూడా ఇస్తాను. రాట్నం తిప్పుతున్న ఆ అవ్వ ముందు కూర్చుని, ఆమె కళ్ళలోకి చూస్తూ అదే మాట అనగలరా?