వానకోవెలను అప్పగించిన రోజు

నా చిన్నప్పుడు మేము సౌదీలో బాగా ఉత్తరాన, జోర్డాన్ సరిహద్దుకు దగ్గర్లో ఒక చిన్న ఊళ్ళో ఉండేవాళ్ళం. అక్కడ చలికాలంలో బక్కెట్లో నీళ్ళు గడ్డకడతాయని చెబితే మా బంధువులు నవ్వేవారు. సౌదీ అంటే వాళ్ళకు ఎండ తప్ప ఇంకేమీ లేదు. నవ్వుకుంటే నవ్వుకోనీ, గడ్డకట్టేవి మరి!

మా అమ్మ అక్కడి ఆసుపత్రిలో నర్సు. క్వార్టర్సులో మా పక్క గదిలో కాకినాడ వైపు నుంచి వచ్చిన ఒక అక్క ఉండేది, ఆవిడా నర్సే. అమ్మ డ్యూటీలో ఉన్నప్పుడు నాకు అన్నం పెట్టి, జడ వేసేది ఆవిడే. చలి తగ్గే రోజుల్లో పక్షులు మా ఊరి మీదుగా ఉత్తరానికి పోయేవి. మొదటి వానకోవెల ఎవరి కంట పడుతుందా అని అక్కకీ నాకూ ఏటా పందెం.

ఆ ఏడు అవి ఫిబ్రవరిలోనే వచ్చేశాయి. రెండు రోజులు ఎండ కాసిందో లేదో, మళ్ళీ వడగళ్ళు, ఈదురుగాలి. పొద్దున్నే తలుపు తీసేసరికి మెట్ల దగ్గర ఒక వానకోవెల పడి ఉంది. తోక రెండుగా చీలి, గొంతు కింద ఎర్రగా, కళ్ళు మూసుకుని ఉంది. నేను దాన్ని హీటరు మీద పెట్టబోతే అక్క చెయ్యి పట్టుకుంది.

"ఒక్కసారే అంత వేడి తగిలితే చచ్చిపోద్దే. మెల్లిగా వెచ్చబడాలి."

ఖాళీ సెలైన్ సీసాలో గోరువెచ్చటి నీళ్ళు నింపి, తువ్వాలు చుట్టి, అట్టపెట్టెలో పెట్టి, పిట్టను దాని పక్కన పడుకోబెట్టింది.

క్వార్టర్సులో పిట్టలనీ పిల్లులనీ పెంచకూడదని నియమం. అది చూసుకునే సూపర్‌వైజరు మేడమ్ కూడా ఒకప్పుడు వార్డుల్లో పనిచేసిన నర్సే. అక్క కాంట్రాక్టు పొడిగించాలంటే ఆ వారంలో ఆవిడ సంతకం పడాలి. పడకపోతే ఖురూజే, అంటే సామాను సర్దుకుని ఇంటిదారి పట్టడమే. ఇద్దరు తమ్ముళ్ళ చదువు అక్క జీతం మీదే నడుస్తోంది. పిట్ట కోసం ఉద్యోగం పోగొట్టుకుంటావా అని అమ్మ చీవాట్లు పెట్టింది. అక్క విననట్టే దువ్వెన తీసుకుని నా జుట్టు చిక్కు తీసింది.

సాయంత్రం మేడమ్ రానే వచ్చింది. పెట్టె చూసి, బయట పారేయమంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. అక్క మాత్రం పారేయనూ లేదు, బతిమాలనూ లేదు. పెట్టె తీసి ఆవిడ చేతుల్లో పెట్టి, డ్యూటీ మారేటప్పుడు రోగిని అప్పగించినట్టు ఇంగ్లీషులో మొదలుపెట్టింది. తెల్లారి దొరికింది, ఒళ్ళు చల్లబడి ఉంది, దెబ్బలేమీ లేవు, ఇప్పుడు ఊపిరి బాగా ఆడుతోంది, సీసాలో నీళ్ళు చల్లారగానే మార్చాలి. అప్పగింత నడుస్తుంటే నర్సులు మధ్యలో ఆపరు. విన్నాక ఆ రోగి విన్నవాళ్ళదే. మేడమ్ చివరిదాకా విని, అలవాటు కొద్దీ అడిగింది.

"ఏమైనా తిందా?"

అడిగాక తనే ఉలిక్కిపడింది.

"ఇంకా లేదు మేడమ్. ఇక ఇది మీ పేషెంటు. పారేస్తే మీరే పారేయండి," అని అక్క చేతులు వెనక్కి కట్టుకుని నిలబడింది.

మేడమ్ ముఖం కందగడ్డయింది. పెట్టె కేసి చూసింది, అక్క కేసి చూసింది. తర్వాత పెట్టెతో సహా తన గదికి వెళ్ళిపోయింది. మర్నాడు ఎండ వచ్చాక ఆవిడే పెట్టెను మేడ మీదికి తెచ్చి మూత తీసింది. వానకోవెల కాసేపు అంచు మీద కూర్చుని, రెక్కలు విదిల్చుకుని, ఉత్తరం దిక్కుగా ఎగిరిపోయింది.

అక్కకు సంతకం పడింది. కాని నియమం తప్పినందుకు ఆ ఏడాది సెలవు పోయింది. ఇంటికి వెళ్ళలేకపోతున్నందుకు అక్క ఏడ్చింది, నేను చూశాను. చేసినదానికి మాత్రం ఏనాడూ నొచ్చుకోలేదు.

ఇప్పుడు నాకు మనవలు. అదే దేశంలో, అభా ఊళ్ళో, నేనూ నర్సుగానే తల నెరిపించుకున్నాను. వార్డులో ఎవరైనా ఒక రోగిని చూపించి, ఇక లాభం లేదు, వదిలెయ్ అంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది. వాదించను. ఆ రోగి చెయ్యి తీసి వాళ్ళ చేతిలో పెట్టి, ముందు అప్పగింత తీసుకోండి, తర్వాత మీరే వదిలేద్దురుగాని అంటాను. ఇంతవరకు ఒక్కరూ తీసుకోలేదు. తీసుకునేదాకా ఆ రోగి నాదే.